సభామర్యాద - రక్షకభటులు

దేశాధినేత ప్రసంగించునపుడు శాసనసభ్యులు మౌనముగా వినుట సంప్రదాయము. ఆ సంప్రదాయమునకు భంగము గలిగినప్పుడు సరిదిద్దవలసినవారు సభవారా, ప్రభుత్వభటులా యనునది చిన్నప్రశ్న గాదు. 2015 ఫిబ్రవరి 12వ తేదీన దక్షిణాఫ్రికా పార్లమెంటులో జరిగిన సంఘటనయు, తదుపరి వెలువడిన తీర్పులును శాసనసభలున్న ప్రతి దేశమును గమనింపదగినవి.

చెఱకుతోటలకు బోయిన ఆంధ్రుల సంతతివారు నేటికిని నివసించు నెటాలు ప్రాంతముననే ఎన్‌కాండ్ల యను గ్రామమున్నది. అచ్చట నాటి అధ్యక్షుడు శ్రీ జేకబ్ జూమా గృహమునకు భద్రత పేరిట అపారమైన ప్రజాధనము వ్యయమైనది. ఈతకొలను, పశువులదొడ్డి, కోళ్లగూడు భద్రతకు సంబంధించినవి గావనియు, అట్టివాని ఖర్చులో తగినభాగమును అధ్యక్షుడు తిరిగి చెల్లింపవలెననియు ప్రజాసంరక్షకాధికారిణి శ్రీమతి తూలీ మడొన్సెలా 2014 మార్చిలో నివేదించిరి. శ్రీ జూమా చెల్లింపరైరి. ఆగస్టులో ప్రశ్నోత్తర సమయమున ఈ సంగతియే అడుగగా సభలో గందరగోళము చెలరేగి, సమావేశము నిలిచిపోయినది.

అడుగవలసినచోట సమాధానము దొరకని ప్రశ్న అడుగరానిచోట తలయెత్తినది. ఫిబ్రవరి 12న అధ్యక్షుడు ప్రసంగ మారంభింపగనే శ్రీ జూలియస్ మలేమా పక్షమువారు ఒకరివెంట నొకరు లేచి, సొమ్మెప్పుడు చెల్లింతురని నిలదీసిరి. ఇది ప్రశ్నోత్తరముల వేళ గాదని సభాపతి శ్రీమతి బలేకా ఎంబెటె వారించిరి. సభ్యులు వినకుండుట తప్పే. ఉభయసభలును సమావేశమై దేశమంతయు ఆలకించు సమయమును ఒక పక్షము తన వశము చేసికొనుట మర్యాద గాదు.

కాని ఆ తప్పును దిద్దబూనిన విధము అంతకంటె పెద్దతప్పు. తెల్లచొక్కాలు ధరించిన రక్షకులు సభలో జొరబడి సభ్యులను ఈడ్చివేసిరి. వారిలో పోలీసులును ఉండిరి. అందుకు నిరసనగా ప్రధాన ప్రతిపక్షము సభను వీడిపోయినది. అంతకుముందే సభాభవనమున సెల్‌ఫోను తరంగములు స్తంభింపజేయబడినవి. పెనుగులాట జరుగుచుండగా టెలివిజను ప్రసారము దానిని ప్రజలకు చూపలేదు. సభాపతియే పాలకపక్షమునకు జాతీయాధ్యక్షురాలు గూడ నగుటచే ఆమె నిష్పాక్షికతయందు ప్రతిపక్షములకు విశ్వాసము లేకపోయెను.

ఇంగ్లండులో 1642లో మొదటి చార్లెసురాజు సాయుధులను వెంటబెట్టుకొని కామన్సుసభకు వచ్చి అయిదుగురు సభ్యులను పట్టుకొనజూడగా, సభాపతి లెంథాల్ వారిజాడ తెలుప నిరాకరించెను. సభాపతి సభకు సేవకుడేగాని పాలకునకు గాదను ధర్మము అచ్చటనే స్థిరపడినది. కేప్‌టౌనులో ఆ ధర్మము తలక్రిందులైనది.

న్యాయస్థానములు దానిని మరల నిలిపినవి. సభలో అల్లరిచేయువానిని భటులచే నిర్బంధింపజేసి వెలికిబంపుటకు 2004వ సంవత్సరపు చట్టము అవకాశ మిచ్చుచుండెను. సభ్యులకు అది వర్తించుట వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానము 2016 మార్చి 18న తీర్పుచెప్పెను. సభానిబంధనలను బట్టి సభ్యుని వెలికిబంపు అధికారమును అది కాదనలేదు, నిర్బంధమునే కాదన్నది. తరంగములను స్తంభింపజేయుటయు అక్రమమేయని అప్పీలు న్యాయస్థానము అదే సంవత్సరము సెప్టెంబరులో నిర్ణయించెను. మార్చి 31న వెలువడిన వేఱొక తీర్పులో శ్రీ జూమా రాజ్యాంగధర్మమును పాటింపలేదని తేలినది. సెప్టెంబరులో ఆయన 78 లక్షల రాండులు చెల్లించిరి. ఈడ్వబడినవారి పద్ధతి తప్పైనను, ప్రశ్న న్యాయమైనదే.

అయినను తీర్పులతోనే శాంతి నెలకొనలేదు. 2017 ఫిబ్రవరిలో అధ్యక్షప్రసంగమునకు 441 మంది సైనికులను నియోగించినను సభలో పిడిగుద్దులు తప్పలేదు. ఈసారి సభ్యులను వెలికిదీసినవారు సభయొక్క రక్షకులే. భటులను మార్చినంతమాత్రమున సభ బాగుపడదని దీనివలన తెలియుచున్నది. మరుసటి యేడు శ్రీ జూమా పదవి విడిచిరి.

మన రాజ్యాంగమునందలి 87వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి ప్రసంగించిన పిమ్మట అందలి విషయములను చర్చించుటకు సమయము కేటాయింపవలెను. ప్రసంగవేళ ఓపిక పట్టుమని ప్రతిపక్షమును కోరు ప్రభుత్వము ఆ చర్చయందు నిండుసమయ మీయవలెను. ప్రశ్నలకు సూటిగా ఉత్తర మీయవలెను. ఈ రెండును ఒకదానికొకటి పూచీ.

ద్యూతసభలో ద్రౌపది ప్రశ్నకు పెద్దలు ఉత్తర మీయక తలలు వంచుకొనిరి. ఆ సభలో నిశ్శబ్ద ముండెనుగాని ధర్మము లేదు. శాసనసభలకు కావలసినది అట్టి నిశ్శబ్దము గాదు.