థైరాయిడ్ రిపోర్టు ఎవరిది?

"మీ ఆవిడకి థైరాయిడ్ వచ్చిందండీ."

డాక్టరు గారు ఈ మాట నాతో అనలేదు. బల్లకి ఇవతల నేనూ మా ఆయనా పక్కపక్కనే కూర్చున్నాం. రక్తం ఇచ్చింది నేను. పరీక్షకి డబ్బు కట్టిందీ నేనే. రిపోర్టు మాత్రం డాక్టరు చేతిలోంచి మా ఆయన చేతికి వెళ్ళింది. "జీవితాంతం మాత్ర వేసుకోవాలి, అంతే" అన్నారు. మూడు నిమిషాల్లో బయటికొచ్చేశాం. ఇరవై ఏళ్ళుగా స్త్రీల హక్కుల గురించి ఊరూరా మాట్లాడుతున్న నేను, నా రక్తంలో ఏముందో అడగకుండా లేచి వచ్చాను. ఆ సిగ్గే ఈ వ్యాసం రాయిస్తోంది.

అంతకు ముందు మూడేళ్ళపాటు నా జబ్బుకి చాలా పేర్లు పెట్టారు. పొద్దున్నే లేవలేకపోతే ఇంట్లో బద్ధకం అన్నారు. ఒళ్ళు వస్తోందంటే తిండి తగ్గించమన్నారు. జుట్టు రాలుతోంది, మలబద్ధకం, ఎండాకాలంలో కూడా చలి అని చెబితే, డాక్టరు "ఈ వయసులో ఇవన్నీ మామూలే, టెన్షన్ తగ్గించుకోండి" అని ఐరన్ మాత్రలు రాశారు. మన సంఘంలోనూ "ఆమెలో పాత ఉత్సాహం లేదు" అన్నారు. మగవాడు అలసిపోతే పని ఎక్కువైందంటారు. ఆడది అలసిపోతే ఆమె స్వభావమే అంత అంటారు. మూడేళ్ళ తర్వాత గాని ఒక్క రక్తపరీక్ష రాయాలని ఎవరికీ తోచలేదు.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఇక్కడ రాయనక్కరలేదు. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో 5 వేలకు పైగా మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, థైరాయిడ్ గ్రంథి మందగించినవాళ్ళు స్త్రీలలో నూటికి దాదాపు 16 మంది, పురుషులలో 5 మంది అని తేలింది. ఇంతమంది స్త్రీలకున్న సమస్యని "ఆడవాళ్ళకి మామూలే" అని తోసెయ్యడం వైద్యం కాదు, అలవాటైన చిన్నచూపు.

అసలు "థైరాయిడ్ వచ్చింది" అనే మాటే చూడండి. థైరాయిడ్ రావడమేమిటి? అది మెడ ముందు భాగంలో అందరికీ పుట్టుకతో ఉండే గ్రంథి. శరీరంలో పనులన్నీ తగిన వేగంతో నడవడానికి కావలసిన హార్మోన్లు తయారు చేస్తుంది. వాటిలో ముఖ్యమైనది టి4. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దీని మీద మేస్త్రీ లాంటిది. పని మందగిస్తే మేస్త్రీ గట్టిగా కేకలేస్తాడు. ఆ కేకే టి.ఎస్.హెచ్. అందుకే థైరాయిడ్ నీరసించినకొద్దీ టి.ఎస్.హెచ్. అంకె పెరుగుతుంది. అంకె పెద్దదైతే థైరాయిడ్ "ఎక్కువ" అయిందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, ఎక్కువైనదానికి మళ్ళీ అదే హార్మోను మాత్ర ఎందుకిచ్చారో అర్థంకాక రెండు నెలలు భయపడ్డాను. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి డాక్టరుకి ఎంతసేపు పట్టేది?

నా టి.ఎస్.హెచ్. 38. పెద్దవాళ్ళలో మామూలుగా సుమారు 0.4 నుంచి 4 దాకా ఉంటుంది. లాబ్‌ని బట్టి కొంచెం మారుతుంది కాబట్టి మన అంకె పక్కనే అచ్చువేసిన హద్దుల్ని చూసుకోవాలి. టి.ఎస్.హెచ్. బాగా పెరిగి టి4 తగ్గి ఉంటే జబ్బు స్పష్టం, మాత్ర తప్పదు. టి.ఎస్.హెచ్. 6, 7 ఉండి టి4 సరిగానే ఉంటే సంగతి వేరు. రెండు మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేస్తే చాలామందిలో అది తనంతట తానే దిగుతుంది. డెబ్భై ఏళ్ళు దాటినవాళ్ళలో కాస్త ఎక్కువుండటం సహజమే. ఇలాంటి స్వల్ప తేడాకి, గర్భం కోరుకునేవాళ్ళనీ తీవ్రమైన లక్షణాలున్నవాళ్ళనీ మినహాయించి, పెద్దవాళ్ళకి మాత్ర మొదలుపెట్టవద్దనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం 2019లో సూచించింది. మరి మన దగ్గర? ఒక పక్క 38 ఉన్న మనిషిని మూడేళ్ళు పరీక్షే చెయ్యకుండా తిప్పుతారు. మరో పక్క "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీలో 5.5 వచ్చిన మనిషికి మరో పరీక్షయినా లేకుండా జీవితాంతం మందు రాస్తారు. రెండుచోట్లా మనకి వివరించే బాధ్యత ఎవరికీ లేదు.

వివరించకపోతే ఏమవుతుందో నా ఒంటి మీద చూశాను. మాత్రని పొద్దున కాఫీతో, ఐరన్ మాత్రతో కలిపి మింగేదాన్ని, అన్నీ ఒకేసారైతే మరిచిపోనని. రెండు నెలలకి టి.ఎస్.హెచ్. 11 ఉంది. డాక్టరు 50 మైక్రోగ్రాముల మాత్రని 100 చేశారు, ఆ తర్వాత 150. ఎప్పుడు వేసుకుంటున్నావు, ఎలా వేసుకుంటున్నావు అని అడగలేదు. థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీకి, టిఫినుకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. నా ఐరన్ కోర్సు అయిపోగానే 150 మైక్రోగ్రాములూ ఒంటికి పట్టడం మొదలైంది. గుండె దడ, చేతుల వణుకు, రాత్రుళ్ళు నిద్రలేమి. ఈసారి టి.ఎస్.హెచ్. 0.05. మందు ఎక్కువైందన్నమాట. ఇలాగే ఎక్కువకాలం ఉంటే గుండె లయ దెబ్బతింటుంది, ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారతాయి. ఈ సంగతులన్నీ నేను ఆస్పత్రి బయట, చదువుకుని తెలుసుకున్నాను. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేగాని పరీక్షలో నిజం కనబడదనీ, జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని లాబుల్లో అంకెని తారుమారు చేస్తాయి కాబట్టి కనీసం రెండు రోజుల ముందు ఆపాలనీ కూడా.

ఇక అసలు విషయం. బీడీలు చుట్టే మా సంఘం మిత్రురాలికి నెలలో పదిహేను రోజులు రక్తస్రావం. ముప్ఫై ఆరేళ్ళు. "గర్భసంచి తీసేస్తే పీడ పోతదన్నరక్కా" అంది. ఆపరేషన్ తేదీ ఖాయమైంది, అప్పు కూడా పుట్టింది. థైరాయిడ్ మందగిస్తే బహిష్టు స్రావం ఎక్కువ కావచ్చునని అప్పటికి చదివి ఉన్నాను. కాగితాలన్నీ తిరగేస్తే స్కానింగులు మూడున్నాయి, టి.ఎస్.హెచ్. ఒక్కటీ లేదు. పరీక్ష చేయిస్తే 60 దాటింది. మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకి స్రావం అదుపులోకొచ్చింది. గర్భసంచి ఆమెకే మిగిలింది. అధిక రక్తస్రావానికి కారణాలు చాలా ఉంటాయి, అన్నిటికీ థైరాయిడే మూలమని నేననడం లేదు. కానీ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. వీళ్ళలో ఎంతమందికి కత్తి పెట్టకముందు ఈ చిన్న రక్తపరీక్ష చేశారు? ఈ ప్రశ్న అడగాల్సింది మనమే.

ఇప్పుడు రిపోర్టులు సెల్‌ఫోనుకే వస్తున్నాయి కదా అంటారు. ఫోను ఎవరిది? భర్తదో, కొడుకుదో. పెళ్ళికావలసిన అమ్మాయి అయితే రిపోర్టు అమ్మ చీరల మడతల్లోకి వెళుతుంది, మాత్రల సీసా మీద పేరు చింపేస్తారు. "థైరాయిడ్ ఉన్న పిల్లకి పిల్లలు పుట్టరు" అని సంబంధం తప్పించేవాళ్ళున్నారు మరి. నిజానికి మందు సక్రమంగా వాడితే గర్భానికి అదేమీ అడ్డం కాదు. దాచడం వల్లనే ప్రమాదం. గర్భం తెలిసిన వెంటనే సాధారణంగా మోతాదు పెంచాల్సి ఉంటుంది, ఎందుకంటే మొదటి మూడు నెలలూ బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి హార్మోనే ఆధారం. అత్తింట్లో చాటుగా మాత్ర మింగే పిల్ల ఆ మాట డాక్టరుకి ఎలా చెప్పగలదు? చెప్పినా, ప్రభుత్వమిచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకి ఎడం పాటించాలని ఆమెకి ఎవరు చెబుతారు?

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. స్త్రీల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ, గర్భసంచి అనే ప్రభుత్వ లెక్కని విమర్శిస్తూనే, మన శిబిరాల్లోనూ దాదాపు అవే మాట్లాడాం. అలసట మన ఎజెండాలో లేదు. రక్తపరీక్ష కాగితం "టెక్నికల్" అని పక్కన పెట్టాం. చదువురాని మన మిత్రురాళ్ళు రేషన్ లెక్కలూ ఉపాధి హామీ మస్టర్లూ అణాపైసలతో పట్టుకుంటారు. రెండు అంకెల మధ్య తమ అంకె ఎక్కడుందో చూసుకోలేరా?

అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుంచీ చెబుతూనే ఉంది. ఇది ఎవరి దయా కాదు. కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలి. రిపోర్టు పరీక్ష చేయించుకున్న స్త్రీ చేతికే ఇవ్వాలి, ఆమె ఒప్పుకోకుండా ఇంకెవరికీ చెప్పకూడదు. అంకె అర్థమూ మాత్ర వేసుకునే పద్ధతీ తెలుగులో రాసివ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఈ పరీక్షా, టీ ఖర్చుకన్నా తక్కువకి దొరికే ఈ మాత్రా ఏడాది పొడవునా ఉచితంగా అందాలి. అధిక రక్తస్రావానికి కారణం వెతక్కుండా గర్భసంచి మీద చెయ్యి వెయ్యకూడదు.

పోయిన నెల మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఒక్కదాన్నే. ఏడాది రిపోర్టులు తేదీలవారీగా ఒక నోటు పుస్తకంలో అతికించుకుని వెళ్ళాను. "మీవారు రాలేదా?" అని అడిగారు.

"రక్తం నాదండీ, నాతో చెప్పండి" అన్నాను.