ఆత్మరక్షణకు రివాల్వరా? పిస్తోలా?

అండమాన్, నికోబార్ దీవులలో ఆత్మరక్షణార్థం చేతి తుపాకీకి లైసెన్సు పొందిన గృహస్థునికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న రివాల్వరు కొనవలెనా, పిస్తోలు కొనవలెనా అన్నది. సాధారణంగా ధరను బట్టియో, సినిమాలలో చూచిన రూపాన్ని బట్టియో ఈ ఎంపిక జరిగిపోతున్నది. మీట నొక్కినపుడు ఆయుధం లోపల ఏమి జరుగుతుందో తెలిసికొని ఎంచుకొనేవారు తక్కువ. ఇంటిల్లిపాది క్షేమం దీనిపైననే ఆధారపడి ఉన్నది కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా పరిశీలించవలసి ఉన్నది.

మన దేశంలో ఎంపికకు అవకాశం పరిమితమే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 9 ఎం.ఎం. వంటి ఆయుధాలు సామాన్య పౌరులకు నిషిద్ధం. అందువలన .32 బోరు రివాల్వర్లు, పిస్తోళ్ళే ప్రధానంగా లభిస్తున్నవి. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు, 2014లో మహిళలను దృష్టిలో ఉంచుకొని విడుదల చేసిన సుమారు 500 గ్రాముల ‘నిర్భీక్’, 2023లో వచ్చిన ‘ప్రబల్’, పిస్తోళ్ళలో ‘అశని’ ఇందుకు ఉదాహరణలు. ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను 2019 సవరణ మూడు నుండి రెండుకు తగ్గించింది.

ఇక యంత్ర విధానం సంగతి. సింగిల్ యాక్షన్ పద్ధతిలో తుపాకీ సుత్తిని ముందుగా వెనుకకు లాగి నిలపాలి. ఆపై మీటను స్వల్పంగా తాకినా గుండు పేలుతుంది. డబుల్ యాక్షన్ పద్ధతిలో మీట ఒక్కటే సుత్తిని వెనుకకు లేపి, తిరిగి వదలుతుంది. అందుకు వేలికి బలం కావాలి. మీట చాలా దూరం కదలాలి. గురి చూచి కొట్టే పోటీలలో ఇది లోపమే కావచ్చు. అర్ధరాత్రి అలికిడికి లేచి, వణకుతున్న చేతితో ఆయుధం అందుకొనేవానికి మాత్రం ఆ బరువే రక్ష. వచ్చినది దొంగయో, ఆలస్యంగా ఇల్లు చేరిన కుమారుడో తెలిసికొనడానికి అది ఒక క్షణం వ్యవధి ఇస్తుంది.

పిస్తోలుకు దాని సుగుణాలు దానికున్నవి. పలుచగా ఉంటుంది, ఎక్కువ తూటాలు పడతాయి, త్వరగా తిరిగి నింపవచ్చు. అయితే మ్యాగజైనును బయటకు తీసిన తరువాత కూడా గొట్టపు గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. ఖాళీ అయినదనుకొన్న పిస్తోలు పేలి ప్రాణాలు పోవడానికి తరచు ఇదే కారణం. రివాల్వరు చక్రాన్ని తెరిస్తే ఎన్ని తూటాలున్నవో గృహిణికైనా ఒక్క చూపులో తెలుస్తుంది. తూటా పేలకపోతే మీటను మరల నొక్కితే చాలు, తరువాతి గది ముందుకు వస్తుంది. పిస్తోలులో అదే జరిగితే పై భాగాన్ని వెనుకకు లాగి చెడిన తూటాను తొలగించాలి. అభ్యాసం లేని చేతికి చీకటిలో అది సాధ్యం కాదు.

దీవుల వాతావరణం కూడా గమనించదగినదే. రెండు ఋతుపవనాల వర్షం, సంవత్సరం పొడుగునా ఉప్పుగాలి ఉక్కుకు శత్రువులు. తుప్పు రివాల్వరునూ విడిచిపెట్టదు. కాని పిస్తోలు పనితనం స్ప్రింగులపైన, జారే భాగపు శుభ్రతపైన మరింతగా ఆధారపడుతుంది. ఏ ఆయుధమైనా తరచు తుడిచి, పలుచగా నూనె రాయాలి. తోలు ఒరలో ఉంచి బీరువాలో పడవేయరాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది.

1969 నుండి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే ప్రాంతంలో స్థిరపరచిన మాజీ సైనికుల వంటివారికి పిస్తోలు తగదని ఎవరూ అనజాలరు. ఏళ్ళ తరబడి అభ్యాసం గలవారికి అది చక్కని సాధనమే. ఆ అభ్యాసం లేని ఉపాధ్యాయునికి, వర్తకునికి, ఉత్తరాంధ్ర నుండి వెళ్ళి స్థిరపడిన కుటుంబ యజమానికి డబుల్ యాక్షన్ రివాల్వరే క్షేమకరం. అందులోనూ సుత్తిని బొటనవ్రేలితో ముందుగా లాగి నిలిపే అలవాటు వద్దు. సుత్తిని అడ్డుకొనే ఏర్పాటు లేని పాత రివాల్వరయితే దాని ఎదుటి గదిని ఖాళీగా ఉంచాలి.

నిత్యం వెంట తీసుకొని తిరగడం మరొక విషయం. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ స్థలాలలో చేతి తుపాకీ ఒరలో, పూర్తిగా కప్పబడి ఉండాలి. లైసెన్సు ఏ ప్రాంతానికి వర్తిస్తుందో చూచుకొనకుండా చెన్నైకో, విశాఖకో బయలుదేరితే యజమానియే నేరస్థుడవుతాడు. కనుక ఆయుధం అధిక కాలం ఇంటనే ఉంటుంది. ఇంట పిల్లలూ ఉంటారు, మనస్తాపంతో కుమిలేవారూ ఉండవచ్చు. సురక్షితంగా భద్రపరుస్తామని లైసెన్సు కోరినపుడు వ్రాసి ఇచ్చే హామీని కేవలం కాగితంగా భావించరాదు. తాళం గల ఉక్కు పెట్టె, వేరొక చోట తూటాలు ఉండాలి. వీటికి చోటు లేని ఇంట ఏ తరహా తుపాకీ అయినా ప్రమాదమే.

1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంత్రం ఈ దీవులలోని హోప్‌టౌన్ రేవు వద్ద వైస్రాయి లార్డ్ మేయో హత్యకు గురయ్యాడు. ఆయన చుట్టూ సాయుధ రక్షకులు ఉన్నారు. షేర్ అలీ చేతిలో ఉన్నది కత్తి మాత్రమే. తుపాకులెన్ని ఉన్నా ఆ క్షణాన అక్కరకు రాలేదు. గట్టి తలుపు, వాకిట దీపం, మేలుకొన్న ఇరుగుపొరుగు మొదటి రక్షణలు. ఇవన్నీ సమకూర్చుకొన్న తరువాత కూడా అవసరమని తోచినవారు రివాల్వరును ఎంచుకొందురు గాక. దానితోపాటు ఆ పెట్టెను, తాళాన్ని కూడా అదే రోజున కొనాలి.