సికిల్ సెల్ ఉన్నోడు మళ్ళీ బరువులెత్తాలంటే పట్టుదల ఒక్కటే చాలదు



కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. మన గ్రూపులో సికిల్ సెల్ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికో ఒకరికి ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో ఆటలంటే ఇష్టం ఉన్నోళ్ళకి రెండు మాటలే వినపడతాయి. ఒకటి, "నీకెందుకురా ఇవన్నీ, కూర్చో." రెండోది, "పట్టుదల ఉంటే ఏదైనా చెయ్యొచ్చు." ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది.

నాకున్నది ఎస్ఎస్, అంటే పూర్తి జబ్బు. ఇంటర్‌లో నొప్పులు ఎక్కువై ఏడాదిన్నర వెయిట్ లిఫ్టింగ్ వదిలేశాను. డిగ్రీలో చేరాక, డాక్టర్ గారు పరీక్షలు చేసి సరే అన్నాకే మళ్ళీ రాడ్ పట్టుకున్నాను. అందుకే రాస్తున్నా.

ముందు జబ్బు సంగతి. మామూలు ఎర్రకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సన్నని రక్తనాళంలోంచి కూడా జారిపోతుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. మా రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. 10, 20 రోజులకే చచ్చిపోతుంది. అందుకే ఒంట్లో రక్తం తక్కువ. ఆ కణాలు నాళాల్లో అడ్డం పడితే ఎముకలు పిండేసినంత నొప్పి. నీళ్ళు తాగకపోవడం, చలి, జొరం, శక్తికి మించిన శ్రమ, ఇవే ఆ నొప్పిని లేపేవి.

ఇప్పుడు మన హాస్టళ్ళలో రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం. డిసెంబర్‌లో పాడేరు, చింతపల్లి వైపు చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గ్రౌండ్‌లో "అయ్యేదాకా నీళ్ళు ముట్టొద్దు" అంటారు. నొప్పి అంటే "నాటకాలు" అంటారు. నొప్పిని లేపేవాటిలో సగం మన టైంటేబుల్‌లోనే ఉన్నాయి కదా! ఇక పిల్లోడు పడిపోతే తప్పు వాడి రక్తానిదేనా?

శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారి పేరు చెప్పి మాకు పట్టుదల పాఠాలు చెప్తుంటారు. పట్టుదల గొప్పదే, కాదనను. కానీ ఎంత పెద్ద లిఫ్టర్‌కైనా తిండి, నిద్ర, విశ్రాంతి, కనిపెట్టుకుని ఉండే కోచ్ కావాలి. అవే మేం అడిగితే బలహీనత అంటారేం?

నా లెక్క చెప్తాను. ఇది నాది, మీది మీ డాక్టరే చెప్పాలి. ఒకప్పుడు 65 కిలోలు స్నాచ్ చేసేవాణ్ణి. ఈసారి 20 కిలోల ఖాళీ రాడ్‌తో మొదలెట్టి ఇప్పుడు 40 దగ్గరున్నా. వారానికి మూడు రోజులే. ఎత్తుకీ ఎత్తుకీ మధ్య మూడు నాలుగు నిమిషాలు ఆగుతా. ఊపిరి బిగబట్టి ఎత్తే పెద్ద బరువుల జోలికి పోను. బాటిల్ పక్కనే ఉంటుంది, చెమట ఆరకముందే పొడి చొక్కా వేసుకుంటా. హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానను. తుంటి నొప్పి వస్తే ఆ రోజుతో స్క్వాట్స్ బంద్, ముందు ఆస్పత్రి. ఈ జబ్బులో తుంటి ఎముకకి రక్తం అందక అది దెబ్బతినే ప్రమాదం ఉంది మరి.

"ఒక్కడికి మినహాయింపు ఇస్తే అందరూ అడుగుతారు" అంటారు కొందరు సార్లు. అడగనివ్వండి. ఏఎస్ ఉన్నవాళ్ళు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. అయినా ఎండలో నీళ్ళు లేకుండా మరీ గట్టిగా పరిగెత్తిస్తే వాళ్ళకీ అరుదుగా ప్రాణం మీదకొస్తుంది. తమకి ఏఎస్ ఉందని తెలియనోళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉండొచ్చు. కాబట్టి నీళ్ళు, నీడ, విశ్రాంతి అందరికీ పెట్టాల్సిన రూలే.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలెట్టింది, గడువు 2047. ఊళ్ళకొచ్చి పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు, మంచిదే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బు ఉంది. కానీ ఆ కార్డు జేబులో ఉన్నంత మాత్రాన హాస్టల్‌లో వేడినీళ్ళు రావు. కార్డు ఇచ్చినోళ్ళు వార్డెన్‌కీ, పీఈటీకీ కూడా ఏం చెయ్యాలో చెప్పాలి.

మనం అడగాల్సినవి మూడే. చలికాలం వేడినీళ్ళు. గ్రౌండ్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్ళు. "ఈ రోజు నావల్ల కాదు" అంటే నమ్మి, ఆస్పత్రికి తీసుకెళ్ళే మనిషి. వచ్చే నెల ఐటీడీఏ గ్రీవెన్స్‌కి అర్జీ రాద్దాం. మీ హాస్టల్‌లో ఈ మూడింట్లో ఏది లేదో కింద రాయండి. పేరు చెప్పడం ఇష్టం లేనోళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఖాళీ రాడ్ పట్టుకోడానికి సిగ్గుపడకండి.

జై ఆదివాసీ.