జైళ్లలో మానసిక రోగులు: జవాబు చెప్పేదెవరు?

ఆత్మహత్యకు యత్నించి బతికి బయటపడిన మనిషిని ఆసుపత్రి మంచం మీది నుంచే ముద్దాయిగా లెక్కించే సెక్షన్ 325ను పాకిస్తాన్ 2022 డిసెంబరులో తన శిక్షాస్మృతి నుంచి తొలగించింది. ఆ దేశపు పెద్దల సభ అయిన సెనేట్‌లో షహాదత్ అవాన్ అనే సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు ఇందుకు మూలం. అటువంటి వ్యక్తికి కావలసింది వైద్యమా, జైలా అని ఆ బిల్లు పాలకులను నిలదీసింది. ఆ ప్రశ్నకు సమాధానం దొరికింది. దాని వెనుకనే ఉన్న మరో ప్రశ్న, అనగా ఇప్పటికే జైలులో ఉన్న మానసిక రోగికి పూచీ ఎవరన్నది, ఇస్లామాబాద్‌లోనే కాదు, న్యూఢిల్లీలోనూ తేలలేదు.

ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసిన నిబంధన ఉభయ దేశాలకూ 1860 నాటి బ్రిటిష్ శిక్షాస్మృతి నుంచి సంక్రమించిన ఆస్తే. అక్కడ 325, ఇక్కడ 309. రెండింటిలోనూ శిక్ష ఏడాది వరకు జైలు. శ్రీలంక దీనిని 1998లోనే వదిలించుకుంది. నిజానికి ఈ విషయంలో మన రాజ్యసభ అందరికంటే ముందున్నదని చాలామందికి గుర్తుండకపోవచ్చు. లా కమిషన్ 1971లో చేసిన సిఫార్సును అనుసరించి 309ని తొలగించే బిల్లును రాజ్యసభ 1978లోనే ఆమోదించింది. అది లోక్‌సభ గడప దాటకముందే 1979లో ఆ సభ రద్దయింది, బిల్లు మురిగిపోయింది. ఆ తరువాత ఆ సెక్షన్ కోర్టుల మధ్య బంతి అయింది. బొంబాయి హైకోర్టు చెల్లదన్నది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందన్నది. సుప్రీంకోర్టు 1994లో కొట్టివేసి, 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా తిరిగి నిలబెట్టింది. చివరకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడికి లోనై ఉన్నట్లు భావించాలనీ, ప్రాసిక్యూట్ చేయరాదనీ నిర్దేశించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. అయితే ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకునే ఉద్దేశంతో చేసే ఆత్మహత్యాయత్నం మాత్రం 226వ సెక్షన్‌లో నేరంగానే మిగిలింది. నిరాహార దీక్షల గడ్డ మీద ఈ మినహాయింపు ఎవరి కోసమో ఊహించడం కష్టం కాదు.

ఆత్మహత్యాయత్నాన్ని నేరాల జాబితా నుంచి తీసివేయడానికి ఖర్చేమీ లేదు. జైలులోని రోగికి న్యాయం చేయాలంటే మాత్రం డాక్టరు కావాలి, మంచం కావాలి, అన్నింటికీ మించి కాగితం కదలాలి. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 2016లో, స్కిజోఫ్రెనియాతో బాధపడుతున్న ఒక మరణశిక్ష ఖైదీ విషయంలో, అది చికిత్సకు లొంగే వ్యాధి గనుక శాశ్వత మానసిక రుగ్మత కాదని తీర్పు చెప్పింది. అందుకు ఆధారంగా తీసుకున్నది 1988 నాటి మన సుప్రీంకోర్టు తీర్పు. అది నేర విచారణకు సంబంధించినది కాదు, విడాకుల కేసు. భార్యకు ఆ జబ్బు ఉన్నదని పేరు పెట్టినంత మాత్రాన విడాకులు ఇవ్వజాలమని, జబ్బు తీవ్రతను చూడాలని మన న్యాయమూర్తులు అన్నారు. ఒక ఇల్లాలికి రక్షణగా పలికిన మాటలు సరిహద్దు దాటి మరొకరి మెడకు ఉరితాడు కాబోయాయి! మరణశిక్ష ఖైదీల విషయంలో మానసిక వ్యాధిని పరిగణించాలని మన సుప్రీంకోర్టు 2014లోనే స్పష్టంగా చెప్పినా, అక్కడ పనికివచ్చినది విడాకుల తీర్పే.

ఆ పొరపాటును పాకిస్తాన్ సుప్రీంకోర్టే 2021 ఫిబ్రవరిలో దిద్దుకున్నది. శిక్ష ఎందుకు పడుతున్నదో గ్రహించలేని స్థితిలో ఉన్న రోగిని ఉరితీయరాదన్నది. ఇద్దరి మరణశిక్షలను యావజ్జీవ శిక్షగా మార్చింది. మానసిక వ్యాధిగల ఖైదీలను పరీక్షించేందుకు వైద్య మండళ్లను, చికిత్స కోసం కట్టుదిట్టమైన భద్రతగల ఆసుపత్రులను ఏర్పాటు చేయవలసిందిగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. 2010 నాటి 18వ రాజ్యాంగ సవరణతో ఆరోగ్యం ఆ దేశంలో రాష్ట్రాల బాధ్యత అయింది. కేంద్రాన్ని అడిగితే లాహోర్ వైపు, కరాచీ వైపు వేలు చూపించవచ్చు.

మన పరిస్థితి దీనికి భిన్నమేమీ కాదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో కారాగారాలు రాష్ట్ర జాబితాలోనివి, ఆసుపత్రులూ రాష్ట్ర జాబితాలోనివే. పార్లమెంటులో జైళ్ల గురించి ఏ సభ్యుడు ప్రశ్నించినా హోం శాఖ జవాబు దాదాపు ఈ వాక్యంతోనే మొదలవుతుంది. పోనీ రాష్ట్రంలో అడుగుదామంటే, జైలు హోం శాఖది, డాక్టరు వైద్య శాఖవాడు. ఎర్రగడ్డ ఆసుపత్రిలోనో, విశాఖ ఆసుపత్రిలోనో ఉన్న విచారణ ఖైదీ కోలుకున్నాడని వైద్యుడు రాసిన పత్రం జైలుకు, అక్కడి నుంచి కోర్టుకు చేరితే తప్ప అతని కేసు ముందుకు సాగదు.

ఆ పత్రం చేరకపోతే ఏమవుతుందో అస్సాంలో చూశాం. ఒకరిని తీవ్రంగా గాయపరిచాడన్న ఆరోపణపై 1951లో అరెస్టయిన ఒక గిరిజన యువకుణ్ణి తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. అతను కోలుకున్నాడని 1967లో వైద్యులు ధ్రువీకరించారు. విడుదలైనది మాత్రం 2005లో, 54 ఏళ్ల నిర్బంధం తరువాత, ఒక్క రూపాయి పూచీకత్తు మీద. అతనిపై విచారణ జరగనే లేదు. నేరం చేయని మానసిక రోగులను జైళ్లలో ఉంచడం చట్టవిరుద్ధమని షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు 1993లో ప్రకటించినప్పుడు కూడా అతను నిర్బంధంలోనే ఉన్నాడు.

2022 చివరినాటికి మన జైళ్లలో 5.73 లక్షల మంది ఉండగా, వారిలో నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలే. 500 మంది ఖైదీలకు ఒక మానసిక నిపుణుడు ఉండాలని 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ చెబుతున్నది. ఆ లెక్కన కావలసినవారు 1100 పైచిలుకు. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం దేశం మొత్తం మీద ఉన్నవారు 25 మంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలులోనైనా మానసిక చికిత్సా విభాగం నెలకొల్పాలని 2017 చట్టంలోని 103వ సెక్షన్ చెబుతూనే ఉన్నది.

జైళ్లలో మానసిక రోగులు ఎందరన్న లెక్కను జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రచురిస్తున్నది. వారిలో ఎందరు కోలుకున్నారో, ఆ కబురు కోర్టుకు ఏ తేదీన చేరిందో ఆ పట్టికలలో ఉండదు. పెద్దల సభలో ఒక సభ్యుడు లేచి, తేదీలతో సహా ఆ జాబితాను సభ ముందుంచమని అడిగితే, హోం శాఖ, వైద్య శాఖ ముందుగా ఒకదానికొకటి ఉత్తరం రాసుకోవలసి వస్తుంది.