తీపి ఆకు కుందేలుకు మంచిదేనా?



మీ ఇంట్లో కుందేలు ఉంటే, లేదా ‘కుందేలు కొనిపెట్టండి’ అని పిల్లలు మారాం చేస్తుంటే ఈ పేజీ మీ కోసమే.

కుందేలు ఇంటికొచ్చిన మొదటి వారంలో పిల్లల ప్రేమంతా దానికి ఏదో ఒకటి తినిపించడంలోనే కనిపిస్తుంది. బిస్కెట్, చాక్లెట్ వద్దని మనం అంటే, ‘అయితే తియ్యటి ఆకులు పెడతాం, ఆకులు మంచివే కదా’ అంటారు. ప్రశ్న సబబైనదే. నర్సరీలో స్టీవియా మొక్క దొరుకుతోంది. ఆయుర్వేద దుకాణంలో అతిమధురం వేరు దొరుకుతోంది. పెరట్లో తులసి, పుదీనా ఉండనే ఉన్నాయి. ఇవన్నీ పెట్టవచ్చా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొన్నింటిని కొద్దిగా పెట్టవచ్చు. కానీ ‘తియ్యగా ఉంది’ అన్నది మాత్రం కారణం కాకూడదు. నాలుకకు నచ్చడం వేరు, కడుపుకు సరిపడటం వేరు.

మన పాలమూరు కంచెల మీద పాకే గురివింద తీగనే తీసుకోండి. ఎర్రటి గింజ మీద నల్లటి మచ్చ ఉంటుంది. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచింది ఆ గింజలతోనే. ఆ తీగ ఆకు నమిలితే తియ్యగా ఉంటుంది. అదే తీగ గింజలో అబ్రిన్ అనే విషం ఉంది. మొక్కల్లో దొరికే అత్యంత ప్రమాదకరమైన విషాల్లో అదొకటి. ఆకు తీపిగా ఉందని పిల్లవాడు తీగ లాక్కొస్తే కాయలూ దానితోనే వస్తాయి. ఆ గింజ నమిలితే కుందేలుకే కాదు, మన బిడ్డకూ ప్రాణాపాయమే.

జొన్న సంగతి రైతు కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు జొన్న దంటు నమిలి ఆ తీపి చవిచూసినవారు మీలో చాలామంది ఉంటారు. అదే పైరు లేతగా ఉండి వానల్లేక వాడినప్పుడు, కోసిన మోళ్లకు పిలకలు వచ్చినప్పుడు సైనైడ్ విషం పుట్టించే పదార్థం అందులో ఎక్కువగా ఉంటుంది. పశువులు ‘నాము మేశాయి’ అని పెద్దలు భయపడేది అందుకే. పొలం గట్టున కోసిన పచ్చిమేతలో ఆ పిలకలు కలవకుండా చూడండి.

‘ఏది తినాలో జంతువుకు తెలియదా?’ అని కొందరు అడుగుతారు. మనం పెంచుకునే కుందేలు మన చెలకల్లో పరుగెత్తే అడవి కుందేలు కాదు. దాని పూర్వీకులు ఐరోపా జాతివి. మన కంచెల మీది తీగలను అది గుర్తుపడుతుందని నమ్మి వదిలేయలేం. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. పొరపాటున మింగింది బయటికి రాదు.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం. తులసి, పుదీనా, కొత్తిమీర ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుందేలుకు కొద్దిగా పెట్టవచ్చు. మొదటిసారి ఒకటి రెండు ఆకులే ఇచ్చి, మర్నాడు దాని పెంటికలు మామూలుగా ఉన్నాయో లేదో చూడండి. మార్కెట్లో కొన్న కట్టలైతే పురుగుమందు అవశేషాలు ఉండవచ్చు కాబట్టి బాగా కడిగి, నీళ్లు ఆరాక పెట్టండి. అతిమధురం మాత్రం వద్దు. అందులోని తీపి పదార్థం మోతాదు మించితే మనుషుల్లోనే పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది. రెండు కిలోల ప్రాణికి మోతాదు కొలిచే సాహసం మనకెందుకు?

స్టీవియా మీద ఒక వాదన ఉంది. దాని తీపి చక్కెర వల్ల వచ్చింది కాదు కాబట్టి, క్యారెట్, అరటిపండు కంటే నయమని అంటారు. అందులో కొంత నిజముంది. చక్కెర ఎక్కువైతే కుందేలు పేగులోని సూక్ష్మజీవుల సమతుల్యం చెడి గ్యాస్, విరేచనాలు వస్తాయి. స్టీవియా ఆకు విషమూ కాదు. కానీ తీపికి అలవాటుపడిన కుందేలు గడ్డిని పక్కన పెడుతుంది. అసలు నష్టం అక్కడే ఉంది. స్టీవియా చుక్కల మందు, మాత్రలు, షుగర్ ఫ్రీ మిఠాయిలు అయితే దాని దగ్గరకే రానివ్వకండి.

ఎందుకంటే కుందేలు ఆహారంలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి. దాని ముందు పళ్లు వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి. అవి అరిగేదీ, పేగులు కదిలేదీ గడ్డిలోని పీచు వల్లనే. ఆన్‌లైన్‌లో తిమోతి గడ్డి కొనలేకపోతే బాధపడనక్కర్లేదు. మందు కొట్టని చోట కోసిన శుభ్రమైన గరిక పచ్చిగానైనా, ఎండబెట్టినదైనా మంచి మేతే. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. పూట గడిచినా కుందేలు తినకపోతే, పెంటికలు వేయకపోతే ‘రేపు చూద్దాం’ అనుకోకండి. 12 గంటలు తినకుండా ఉంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే పశువైద్యుడికి చూపించండి.

కాబట్టి ఇంట్లో ఒక నియమం పెట్టుకుందాం: పేరు తెలియని ఆకు పెట్టకూడదు, పెద్దలకు చూపించకుండా కొత్త ఆకు పెట్టకూడదు. పిల్లలకు ఇది ఆంక్షలా కాకుండా పనిలా అప్పగించండి. ఏ రోజు ఏ ఆకు, ఎంత పెట్టారో, కుందేలు గడ్డి తిన్నదో లేదో ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. సైన్స్ పాఠంలో చదివే పరిశీలన అంటే అదే.

మనకు ఇష్టమైనది ఎదుటివారికి పెట్టడం ప్రేమకు మొదటి మెట్టు. వాళ్లకు ఏది అవసరమో తెలుసుకుని పెట్టడం ఆ తర్వాతి మెట్టు. ఆ రెండో మెట్టు పిల్లల చేత ఎక్కించాలంటే తియ్యటి ఆకు కంటే గుప్పెడు గరికే బాగా పనికొస్తుంది.