కెమెరా మారింది, చెయ్యి మారలేదు



మొన్న సంక్రాంతి సెలవులలో గుడివాడ నుండి ఒక పూర్వవిద్యార్థి మా యింటికి వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం. ఈ కాలపు పడుచువాళ్ళు కొందరు మళ్ళీ రీలు కెమెరాల వెంట పడుతున్నారు గదా, వాడూ ఒక పాత కానన్ ఏఈ-1 కొన్నాడట. సంచిలోనుంచి తీసి చూపి, “మాస్టారూ, దీన్ని అమ్మేసి నికాన్‌లోకి మారదామనుకుంటున్నానండీ. మీరేమంటారు?” అని అడిగాడు.

ఆ కెమెరాను చేతిలోకి తీసుకోగానే నాకు నోట మాట రాలేదు. 1993లో నేను చేసిన పని సరిగ్గా అదే. వాడికి అప్పుడు పొడిగా ఏదో చెప్పి పంపించాను. చెప్పవలసిన పూర్తి సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా తెలియనివారి కొరకు ఒక మాట. కెమెరా మార్చడం వేరు, కంపెనీ మార్చడం వేరు. కెమెరా పెట్టెకూ లెన్సుకూ నడుమ ఒక అతుకు ఉంటుంది. దానిని మౌంటు అంటారు. వ్యాకరణం చెప్పుకొన్నవాడిని గనుక నాకది సంధి వలె తోస్తుంది. ఏ సూత్రానికి లోబడిన పదాలు ఆ సూత్రంతోనే కలుస్తాయి. కానన్ లెన్సు నికాన్ పెట్టెకు తగలదు. పాత ఫాంటులో టైపు చేసిన వ్యాసం ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలై కనబడడం మనకందరికీ అనుభవమే గదా, ఇదీ అటువంటిదే. కనుక కంపెనీ మారితే పెట్టెతోపాటు లెన్సులన్నీ వదులుకోవలసిందే.

ఈ విషయంలో నికాన్ అభిమానులు ఒక గొప్ప చెప్పుకొంటారు. 1959లో పెట్టిన మౌంటునే వారు దశాబ్దాల తరబడి నిలుపుకొన్నారనీ, కానన్ వారు 1971 నాటి ఎఫ్‌డీ మౌంటును 1987లో విడిచిపెట్టి కొత్తది తెచ్చారనీ అంటారు. ఇది నిజమే గాని సగం నిజం. నికాన్‌లోనూ 1977లో లెన్సుకూ మీటరుకూ గల సంబంధం మారింది. అంతకు ముందరి లెన్సులు తరువాతి పెట్టెలలో కొన్నిటికి సరిపడవు. కానన్ మార్పు వెనుకా కారణం ఉంది. దానంతటదే ఫోకసు చేసుకొనే మోటారును లెన్సులోనే పెట్టి, పెట్టెకూ లెన్సుకూ నడుమ కబురంతా విద్యుత్తుతో నడపాలంటే పాత అతుకు చాలలేదు. మినోల్టా వారు అంతకు రెండేళ్ళ ముందే, 1985లో, అటువంటి పనే చేశారు. చివరకు 2018లో నికాన్, కానన్ కంపెనీలు రెండూ అద్దం లేని డిజిటల్ కెమెరాల కొరకు కొత్త మౌంటులు పెట్టాయి. కాబట్టి ఎవరు నమ్మకస్తులు, ఎవరు ద్రోహులు అన్న వాదంలో పస లేదని నా అభిప్రాయం.

ఇక నా కథ. 1986లో సింగపూరు నుండి వచ్చిన బంధువు ఒకాయన వద్ద నేను ఏఈ-1 కొన్నాను. అప్పటికి బందరులో మాస్టరీ చేస్తున్నాను. ఆ పిచ్చి నాకు ఊరకే పట్టలేదు. మా సహోద్యోగి ఒకరిది నాగాయలంక ప్రాంతం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఊడ్చివేసి 10,000 మందికి పైగా ప్రాణాలు తీసిన సంగతి మనకు తెలుసు. మనుషులతోపాటు గోడలమీది పటాలు కూడా పోయాయి. ఆయనకు తల్లి ముఖం చూసుకొనేందుకు ఒక్క ఫొటో లేదు. ఆ మాట విన్న తరువాత సెలవు దొరికితే చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సెక్కి దివిసీమ వెళ్ళి, అడిగినవారికల్లా ఫొటో తీసి, బందరులో కడిగించి, మళ్ళీ వెళ్ళినప్పుడు ఇచ్చి వచ్చేవాణ్ణి.

1993 మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళాను. సాగరసంగమ స్నానానికి వచ్చిన జనంలో ఒక ముసలమ్మ, కొడుకూ కోడలూ మనుమలతో వచ్చి, “అయ్యా, మా అందరినీ కలిపి ఒకటి తీయవూ” అని అడిగింది. అందరినీ వరుసగా నిలబెట్టాను. మీట నొక్కితే కెమెరా పలకలేదు. ఏఈ-1కు ప్రాణం బ్యాటరీ. అది లేకపోతే షట్టరే కదలదు. ఆరు వోల్టుల ఆ చిన్న బ్యాటరీ అక్కడ ఏ అంగడిలో దొరుకుతుంది? వాళ్ళు కాసేపు నిలబడి, “పోనీలెండి బాబూ” అని వెళ్ళిపోయారు. మరుసటి యేడు వెదికాను గాని కనబడలేదు.

ఆ అవమానంతో ఇంటికి వచ్చి, రెండు నెలలు తిరగకుండా కానన్ పెట్టెనూ మూడు లెన్సులనూ అమ్మివేశాను. ఆ సొమ్ముకు మరికొంత చేర్చి పాత నికాన్ ఎఫ్ఎం2 ఒకటి, దానికి ఒకే ఒక్క లెన్సు కొన్నాను. ఎఫ్ఎం2 షట్టరు పూర్తిగా యాంత్రికం. గడియారాలలో వేసే గుండీ బ్యాటరీలు రెండు ఉంటాయి గాని అవి వెలుతురు కొలవడానికే. అవి చచ్చినా కెమెరా పనిచేస్తుంది. నా సమస్య తీరిపోయిందని మురిసిపోయాను.

ఆ వేసవిలో గుడివాడలో మా గురువుగారిని చూడబోయాను. నాకు ఛందస్సు చెప్పిన మహానుభావుడు. సాయంకాలం, వసారాలో మసక వెలుతురు. లెన్సు పూర్తిగా తెరచి ఫోకసు సరిచూస్తూ కూర్చున్నాను. ఆయన “ఏమిరా, ఇంకా ఎంతసేపు?” అంటూ నవ్వుతూ ముందుకు వంగారు. దగ్గరకు తెచ్చుకోవడానికి ఫోకసు చుట్టును చటుక్కున తిప్పి మీట నొక్కాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నికాన్, కానన్ లెన్సులలో ఫోకసు చుట్టు తిరిగే దిక్కులు పరస్పర విరుద్ధం. ఒకదానిలో దూరానికి తిప్పే వైపు రెండవదానిలో దగ్గరకు వస్తుంది. నా చెయ్యి ఏడేళ్ళు కానన్ మీద నేర్చిన పాఠమే అప్పజెప్పింది. ఫొటో కడిగి వచ్చిన తరువాత చూస్తే గోడమీది క్యాలెండరులో తిథులు సైతం చదువుకోవచ్చు. గురువుగారి ముఖం మాత్రం మసక.

మళ్ళీ వెళ్ళి తీద్దాములే అనుకొన్నాను. నాలుగు నెలలకే ఆయన పోయారు. మరి ఆయనకున్నది పదవీ విరమణనాటి గ్రూపు ఫొటో ఒక్కటే. అందులో ఆయన ముఖం బఠాణీ గింజంత.

ఇప్పుడు ఆలోచిస్తే, హంసలదీవిలో తప్పు కెమెరాది కాదు. జేబులో మరొక బ్యాటరీ ఉంచుకోని నాది. ఒక బ్యాటరీ ఖరీదుతో తీరిపోయే లోపానికి మూడు లెన్సులు అమ్ముకొన్నాను, ఏడేళ్ళు చేతికి అబ్బిన విద్యను వదులుకొన్నాను. లెన్సుల వెల లెక్క వేసుకొన్నాను గాని ఆ రెండవదానికి వెల కట్టడం నాకు తోచలేదు. కంపెనీ మారేవారిలో చాలామంది చేసే పని ఇదేనని నా అనుమానం. మన అజాగ్రత్తకు మందు అంగడిలో వెదుకుతాము.

అలాగని ఎన్నడూ మారవద్దని నేననను. బాగుచేసే మనిషి ఊరిలో ఒక కంపెనీకే ఉంటే అందులోకి మారడం వివేకం. స్నేహితుని వద్ద లెన్సులు ఎరువు దొరికితే అదీ కారణమే. కాని పని నేర్పిన అవసరం ఒకటి కనబడాలి. మారిన తరువాత కొన్ని నెలలు, రీలు లేకుండానైనా సరే, రోజూ చుట్టు తిప్పుతూ చేతికి కొత్త పాఠం వల్లె వేయించాలి. అంతవరకు పాతదానిని అమ్మరాదు. మళ్ళీ దొరకని ముఖాన్ని తీయవలసి వస్తే ఆ పాతదానితోనే తీయాలి.

ఈ రోజున ఈ మాటకు విలువ మరికాస్త పెరిగింది. కానన్ 2018లోను, నికాన్ 2020లోను తమ చివరి రీలు కెమెరాలకు స్వస్తి చెప్పాయి. ఇప్పుడు ఏది కొన్నా ఎవరో వాడి విడిచినదే. మన కోస్తా తేమకు లెన్సులో బూజు పట్టిందో లేదో వెలుతురుకు పెట్టి చూసుకొనే కొనాలి. చక్కగా పనిచేసేది చేతిలో ఉండగా దానిని అమ్మి తెలియనిదానికి ఎగబడడం చేతిలోని కూడు విడిచి విస్తరాకులు లెక్కించడమే.

నాయనా, నీ ప్రశ్నకు నా సమాధానం ఇది. ఆ కానన్‌ను ఉంచుకో. రెండు బ్యాటరీలు కొని ఒకటి సంచిలో వేసుకో. ముందు మీ నాయనమ్మగారి ఫొటో తీయి.

నా ఎఫ్ఎం2 ఇప్పటికీ ఉంది, ఇన్నేళ్ళలో నా చెయ్యి దానికి అలవాటు పడింది. గురువుగారి మసక ఫొటో కూడా బీరువాలోనే ఉంది. ఇటువంటి అనుభవం ఉన్న మిత్రులు తెలియజేస్తే సంతోషిస్తాను.