ఆ కాగితంలో ఏముందో మనమే చదవాల

మా వాడ అక్క ఒకామె కొంగులో మడిచిన నాలుగు కాగితాలు తెచ్చి మా ముందర పెట్టింది. కొడుకు తొమ్మిదో తరగతి. బెంగళూరుకి కూలికి పోయినప్పుడు ఒక ఆస్పత్రిలో పిల్లోనికి పరీక్షలు చేయించింది. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే. విడమరిచి చెప్పినోళ్లు ఎవరూ లేరు. "తెలివి 92 అంట అన్నా. నూటికి 92 వస్తే మంచిదే కదా? మళ్లా వైకల్యమని ఎందుకు రాసినారు? మావోనికి పిచ్చా?" అని అడిగింది.

ఆ 92 నూటికి వచ్చిన మార్కులు కాదు. ఆ ఈడు పిల్లల సగటును 100 అనుకొని కట్టే లెక్క అది. 85కీ 115కీ నడుమ మూడింట రెండొంతుల మంది ఉంటారు. అంటే ఈ పిల్లోడు అందరి పిల్లల మాదిరే. కింద ఇంకో వరుస ఉంది: చదవడం, రాయడం రెండో తరగతి స్థాయి. ఈ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి చూడాల. తెలివికి లోటు లేదు, అక్షరం కాడ మాత్రం బండి ఆగిపోతాంది. దీన్నే అభ్యసన వైకల్యం అంటారు. చదవడంలో వచ్చేదానికి డిస్లెక్సియా అని పేరు. పిచ్చి కాదు. మాత్ర మింగితే పోయేదీ కాదు. అక్షరాన్ని శబ్దంతో ముడిపెట్టి, రోజూ ఓపిగ్గా నేర్పితే మెరుగయ్యేది.

తరతరాలుగా మనల్ని అక్షరం దరిదాపులకి రానీయనోళ్లే, మన బిడ్డ తడబడితే "వీళ్ల బుర్రకి చదువెక్కదు" అని తీర్పు చెప్పినారు. కలిగినోళ్ల కొడుకుకైతే డిస్లెక్సియా, మన కొడుకుకైతే మొద్దు! 2007లో 'తారే జమీన్ పర్' అని హిందీ సినిమా వచ్చింది. అందులో పిల్లోనికి బొమ్మలు గీసే మంచి అయ్యోరు దొరికినాడు. మన పిల్లోనికి మేకల మంద దొరుకుతాంది.

ఎదుటోళ్లనే అనడం ఎందుకు? బడిపంతుళ్లమైన మేమూ తప్పు చేసినాం. పాఠం నోటితో గడగడా చెప్పే పిల్లోడు అదే పాఠం పుస్తకంలో చూసి చదవమంటే నీళ్లు నమిలినప్పుడు, సోమరి అని బెత్తం తీసినాం. లేదంటే కరువు, వలస అని సరిపెట్టుకున్నాం. వాడి కష్టం ఏందో చూడలేదు.

అట్లని కరువునీ వలసనీ లెక్కలోంచి తీసేయడానికీ లేదు. చెనక్కాయ పంట ఎండి తల్లిదండ్రులు ఊరిడిస్తే పిల్లోడు బడికి దూరమవుతాడు. చదువు సరిగ్గా అందక, బడి భాష రాక వచ్చిన వెనకబాటును అభ్యసన వైకల్యం అనగూడదని వైద్యశాస్త్రమే చెబుతాంది. చూపు, వినికిడి కూడా పరీక్షించాల. మన పిల్లోడు 'ధనం'ని 'దనం' అని రాస్తే అది రోగం కాదు, మన ఇండ్లలో పలికేదే అట్ల. అందుకే పరీక్ష చేసినోళ్లని అడగాల: ఏ భాషలో చదివించినారు? ఎన్నేళ్లు బడికి పోలేదని అడిగినారా? ఈ అక్క కొడుకు రెండేళ్లు బిల్డింగు పనుల కాడ పెరిగినాడు. ఆ నాలుగు కాగితాల్లో దాని ఊసే లేదు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండె, దీని పేరే లేదు. 2016 చట్టం 21 వైకల్యాల్లో దీన్ని చేర్చింది. ఈ ఇబ్బందిని తొందరగా గుర్తించి, తగిన విధంగా నేర్పాల్సిన బాధ్యత బడిదేనని 16వ సెక్షన్ చెబుతుంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు వంటివి 17వ సెక్షన్‌లో ఉన్నాయి. అయితే చేతిలో ఉన్న రిపోర్టు వేరు, ప్రభుత్వ వైద్యులు ఇచ్చే సర్టిఫికెట్ వేరు. రిపోర్టు ఉంది కదా అని కూచుంటే పది పరీక్ష ముంగిట "ఇది చెల్లదు" అంటారు.

పిల్లోనికి వచ్చే ఏడే పది. సోమవారం ఆ అక్కతో మేమూ బెంగళూరు పోతున్నాం. పిల్లోని నోటుపుస్తకాలు, పాత బడుల హాజరు లెక్కలు సంచిలో పెట్టుకున్నాం. ప్రతి వరుసా తెలుగులో చెప్పించుకునే దాకా ఆ గదిలోంచి లేచేది లేదని అక్క ఇప్పుడే అంటాంది.